పద్దెనిమిదో గేటు

జానెడు ఎదిగాక లోపలికి,
బెత్తెడు మిగిలుండగానే బయటికి.
ఇంతే లెక్క, అన్నాడు ఒలెగారియో
అరచేతిని అడ్డంగా నేలకి ఆనించి.
ఆ చేతికి చిటికెనవేలు లేదు.
అందుకే మా పొలంలో బెత్తెడంటే
ఒక వేలు తక్కువ.

తకువారెంబోకి ఉత్తరాన
నల్లరాతి మీద పల్చగా కప్పిన మట్టి మాది.
మా మామగారి రోజుల్లో ఇదంతా ఒకటే బీడు.
గొడ్లు రుచి మరిగిన గడ్డినే మళ్ళీ మళ్ళీ కొరికి
వేళ్ళదాకా నాకేసేవి.
కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు,
ఇక్కడ నిలబడి తిన్నా కరిగాయి.

నేను దాన్ని పదిహేడు మళ్ళు చేశాను.
ఒంటి పేట కరెంటు తీగ, తెల్లటి ప్లాస్టిక్ గుంజలు,
తీగ చుట్టుకునే చక్రం, అప్పు.
బ్యాంకువాడు నవ్వాడు.
మా మరిది నవ్వలేదు, అది ఇంకా కష్టం.

పొద్దున్నే ఫ్లాస్కు చంకలో ఇరికించుకుని
మాతే బుర్ర ఓ చేత, తీగ కొక్కెం ఓ చేత.
ఈల వేస్తాను.
నూట పన్నెండు ఎర్ర కోడెలు, తెల్ల మొహాలు,
మంచులోంచి ఊడిపడ్డట్టు వస్తాయి.
తరవాత మాటలుండవు.
పాత దుప్పటిని ఎవరో తీరిగ్గా చింపుతున్నట్టు
గడ్డి తెగే చప్పుడు.
వెనక మడిలో
పేడకళ్ళ కింద పురుగులు పనిలో దిగుతాయి.
గరిక ఊపిరి పీల్చుకుంటుంది.

అక్టోబరులో తొమ్మిదో మడి నడిమధ్య
తీతువు గుడ్లు పెట్టింది, నాలుగు.
నేను తీగని ఆ చుట్టూ వంచాను.
పిట్ట కోసం కంచె వంకర పోయిందా, అని
రోజంతా గొణిగాడు ఒలెగారియో.
మర్నాడు చూస్తే గూటి పక్కన
గిట్ట పడకుండా మూడు రాళ్ళు.
ఎవరు పెట్టారో నేనడగలేదు.
తీతువు కూస్తే చావు కబురంటారు కొన్ని చోట్ల.
ఇక్కడ అది పొద్దస్తమానం కూస్తుంది,
ఎన్ని కబుర్లని మోస్తాం?

జనవరిలో వాన రాలేదు.
ఫిబ్రవరిలో మబ్బు వచ్చింది, వాన రాలేదు.
మడికి రెండు రోజులు, ముప్ఫై నాలుగు రోజులకి మళ్ళీ ఒకటో మడి.
జానెడు లేదు.
మూడు రోజులు ఆపాను, నాలుగు ఆపాను.
గడ్డి దగ్గర అప్పు పుట్టదు.
నలభైని ముందే అమ్మేద్దాం, అన్నాను,
ఎవరో వేరే మనిషి గొంతులా వినిపించింది.

ఆదెమార్ ట్రక్కు వెనక్కి ఆనించి
చెక్క బల్ల దించాడు.
కర్ర వద్దన్నాను. కుక్కని కట్టెయ్యమన్నాను.
కోడెలు బల్ల ముందు నిలబడి నావైపు చూశాయి.
ఈల వెయ్యి, అన్నాడు ఒలెగారియో
టోపీ అంచు కింది నుంచి.

ఇప్పటిదాకా తెరుచుకున్న ప్రతి గేటూ
మాట నిలబెట్టుకుంది వాటికి.
ప్రతి గేటు వెనకా గడ్డే.
పదిహేడు గేట్లు, రెండేళ్ళు, ఒకే ఈల.

వేశాను.
చెవి చిరిగినది ముందు ఎక్కింది,
ముట్టె దించి, చెక్క సందుల్లో
పచ్చదనం కోసం వాసన చూస్తూ.
మిగతావి దాని వెనక.
తొక్కిసలాట లేదు, ఒక్క అరుపు లేదు.
ఇంత నెమ్మదైన గొడ్లని నేను చూళ్ళేదమ్మా,
అన్నాడు ఆదెమార్.
మెచ్చుకోలే అది.
రసీదుతో పాటు మడిచి జేబులో పెట్టుకున్నాను.

పన్నెండో రోజున వాన పడింది.
మధ్యాహ్నం రేకుల మీద మొదలై
పొద్దుటిదాకా.

ఇవాళ తీగ దగ్గర డెబ్భై రెండు ఉన్నాయి.
పెదాలు తడుపుకున్నాను. ఈల రాలేదు.
ఊరికే కొక్కెం ఊడదీసి పక్కకి జరిగాను.
అవి వెళ్ళాయి, ఎప్పట్లాగే.
ఎన్నడూ వినలేదేమో ఈలని,
నా చేతినే చూసేవేమో.
ఏది నయమో తేల్చుకోలేక
అక్కడే నించున్నాను, మాతే చల్లారిపోయింది.

పక్క మడిలో ఒలెగారియో మోకాలి మీద వంగి
కొత్త గడ్డి పక్కన చెయ్యి ఆనించాడు.
ఇంకా ఒక వేలు తక్కువ, అన్నాడు.
ఉన్న వేలో, లేని వేలో
నేనడగలేదు.