కళ్ళతో పనిలేని రోజు

గ్రాండ్ మనన్ రేవు దాటిన గంటకే
సముద్రం కనిపించడం మానేసింది.
పడవలో పద్నాలుగు మంది.
అల్లం బిస్కెట్లు పంచడం నా పని,
కడుపులో తిప్పేవాళ్ళకు రెండేసి.
తిమింగలం కనబడకపోతే డబ్బులు వాపసేనా అని
ఒకాయన మూడోసారి అడిగాడు.

ఆర్విల్ ఇంజను ఆపేశాడు.
"కళ్ళతో పనిలేదు ఇవాళ" అన్నాడు, అంతే.

నీళ్ళు పడవ అంచుని చప్పరిస్తున్నాయి.
కాసేపటికి ఎడమ వైపు
ఫుఫ్.
ఎవరో ముసలాయన మెట్లెక్కి నిలబడ్డట్టు ఒక్క రొప్పు.
పోర్పస్. పిల్లతో ఉంది, వెనకే ఇంకో చిన్న ఫుఫ్.
హెర్రింగ్ చేపల వలకట్టులో ఇలాంటిదొకటి చిక్కితే
ఆర్విల్ వాళ్ళ నాన్న, అప్పింకా తీరని కొత్త వల
కోసి దారిచ్చాడట.
"అమ్మ నెల రోజులు మాట్లాడలేదు ఆయనతో"
అని చెప్పి బిస్కెట్ కొరికాడు.

అప్పుడు వాసన.
కుళ్ళిన చేపలు, ఉడికిన క్యాబేజీ.
ముక్కులు మూసుకునేలోపే
తెల్లటి గోడ వెనక ఏదో తలుపు తెరిచినట్టు
పెద్ద ఊపిరి, నేరుగా మా మీదే.
నల్లగా, తడిగా ఒక వంపు, వీపో నీడో,
వచ్చి, ఇంకా వస్తూ, వస్తూ
అయిపోయింది.

ఒక్క ఫొటో లేదు ఎవరి దగ్గరా.
డబ్బుల సంగతి అడిగినాయన
టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, ఎందుకో.

మిసెస్ థీరియో కళ్ళద్దాల నిండా తుంపర.
తుడుచుకోమని గుడ్డ ఇచ్చాను.
వద్దంది.
రేవు దాకా అలాగే కూర్చుని
ఏమీ కనిపించకుండానే
నా చెయ్యి పట్టుకుని దిగింది.