రెండో డిస్కు

అట్టపెట్టెలో, పొద్దుటి ఫెర్రీ మీద వచ్చింది
నాలుగు టెరాబైట్ల ఖాళీ.
చేతిలో పెట్టుకుంటే రై రొట్టెముక్కంత బరువు కూడా లేదు.

హెల్టర్మా రేవులో ఫిబ్రవరి.
ఐదింటికే దీపం వేశాను.
దీన్ని ఏ పద్ధతిలో గళ్ళు గీయమంటావని
లినక్స్ అడుగుతోంది. నిజానికదేమీ అడగదు,
కర్సరు రెప్పలార్పుతూ కూర్చుంటుంది.

ఇందులోకి చేరాల్సింది ఎండెల్ కొలిచిన మంచు.
సముద్రం గడ్డకట్టిన ప్రతి శీతాకాలం
వంద అంగలకో బెజ్జం తొలిచి, కొలకర్ర దించి,
అవతలి ఒడ్డుకి దారి తెరవొచ్చో లేదో చెప్పినవాడు.
నోటుపుస్తకాల స్కానులు, ఫొటోలు,
రాత్రిళ్ళు టేపు మీద పట్టిన పగుళ్ళ చప్పుళ్ళు.

ఈఎక్స్‌టీ ఫోర్ నెమ్మదస్తురాలు.
చేయబోయే పని ముందు రాసుకుని, తర్వాత చేస్తుంది.
మధ్యలో కరెంటు పోయినా
ఆ చీటీ చూసుకుని లేచి నిలబడుతుంది.
నూటికి ఐదు పాళ్ళు దొరగారికని దాచిపెడుతుంది,
ఈ గడప దొర తొక్కడని తెలిసినా.
పుట్టగానే ‘పోయి దొరికినవి’ అని ఒక గది కట్టుకుంటుంది,
ఇంకా ఏదీ పోకముందే.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఎంత బరువైనా మోస్తుంది,
పెరగడమే గానీ తగ్గడం చేతకాదు.
నాకలాంటి మేనమామ ఒకడున్నాడు.

పక్కింటి టావెట్ తడిబూట్లతోనే లోపలికొచ్చి
బటర్‌ఎఫ్‌ఎస్ అన్నాడు.
ప్రతి ముక్కకీ లెక్క కట్టుకుంటుందట,
చదివినప్పుడల్లా సరిచూస్తుందట,
ఒక్క బిట్టు చెడినా ఊరుకోదట.
‘బాగుచేస్తుందా?’
పదహారేళ్ళ మొహం కిందికి దిగింది.
‘రెండో కాపీ ఉంటేనే.
ఒక్క డిస్కయితే... చెప్తుంది, అంతే.’

ఎండెల్‌కి ఫోన్ చేశాను.
మొత్తం విన్నాడు. చాలాసేపు దగ్గాడు.
‘మంచు నన్నేనాడూ పైకి లాగలేదే.
విరిగేముందు చెప్పేది.
ఆ చెప్పడం వల్లే నీతో మాట్లాడుతున్నా.’
తర్వాత, మంచు మీద సీటుబెల్టు ఎందుకు పెట్టుకోకూడదో
మళ్ళీ మొదట్నుంచీ వివరించాడు.
దానికీ దీనికీ సంబంధమేమిటని నేనడగలేదు.

ఆజ్ఞ టైపు చేశాను.
డిస్కు పేరు రెండుసార్లు చూసి
మూడోసారి వేలు పెట్టి చదివాను:
చివర బీ. ఏ కాదు.
ఆ ఒక్క అక్షరం తప్పితే
కాపురమున్న ఇల్లే తుడిచిపెట్టుకుపోతుంది.

ఎంటర్.
రెండు క్షణాలు. ఇంత తర్జనభర్జనకీ
ఇంతేనా చప్పుడు!

మౌంటు పట్టికలో ఒక వరుస చేర్చి
చివర ‘నోఫెయిల్’ అని రాశాను.
ఏ పొద్దునైనా ఇది రాకపోతే
దీనికోసం ఆగకు, నువ్వు లే, అని.

కిటికీలో జలసంధి నల్లగా కదులుతోంది.
ఈ ఏడూ దారి పడలేదు.

మొదటి ఫైలు వెళ్తోంది.
ఎనభై ఏడు, జనవరి, యాభై ఎనిమిది సెంటీమీటర్లు.
కింద పెన్సిల్‌తో:
లారీలు వెళ్ళొచ్చు.