దొంగమెట్టు

గాలికిక్కడ ఎవరూ తలుపు తియ్యక్కర్లేదు.
హెర్న్‌క్లూ బురుజింటికి
నాలుగు గోడల్లో మూడున్నర మిగిలాయి.
తక్కిన సగం గడ్డిలో పడుకుని
గొర్రెల వీపులకి గోకుడురాయి అయింది.

నేను టేపు పట్టుకుని వచ్చాను,
స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో శిథిలాల జాబితాకి
ఇంకో అంకె కోసం.
తాళంచెవి ఎఫీ పర్డమ్ దగ్గరుంది.
తలుపే లేనిదానికి తాళంచెవి ఏమిటంటే
"అడిగి వెళ్ళడమంటూ ఒకటుంటుంది కదా" అంది,
రబ్బరు బూట్ల బురద గడపరాయికి రాస్తూ.

రాశాను:
గోడ మందం ఆరడుగులు.
కింద కమాను కప్పు వేసిన చీకటి గది,
దాడి రాత్రుల్లో ఆవుల్ని తోలడానికి.
కిటికీ లేదు. తుపాకీ మూతి పట్టేంత కన్ను ఒకటి,
ఇప్పటికీ వాగు రేవు మీదే దాని చూపు.
పైన హాలు. ఎద్దుని నిలువునా కాల్చేంత పొయ్యి,
పక్కనే ఉప్పు చెమ్మగిల్లకుండా దాచుకునే గూడు.
వేలు పెట్టి నాకి చూశాను. (ఇది రాయలేదు.)
నాచు.

ఆ పై అంతస్తు ఆకాశం.
కప్పుని తుఫాను ఎత్తుకుపోలేదు, ఫిరంగీ కూల్చలేదు.
కప్పున్న ఇంటికి పన్నన్నారని
పేకాట బాకీల వారసుడొకడు
పలకరాళ్ళు లెక్కపెట్టి అమ్ముకున్నాడు.
మూడుసార్లు తగలబెట్టినా నిలిచిన ఇల్లు
ఒక రసీదుకి తడిసిపోయింది.

గుమ్మం మీద పెళ్ళిరాయి:
నినియన్ మొదటి అక్షరం, గ్రిజెల్ మొదటి అక్షరం,
మధ్యన హృదయం చెక్కబోయి
ముల్లంగి చెక్కాడు రాతిపనివాడు.
నినియన్ పొరుగువాళ్ళ పశువుల్ని తోలుకొచ్చేవాడు,
పొరుగువాళ్ళు నినియన్ పశువుల్ని.
ఏ ఆవు ఎవరిదో ఆవులకే తెలియాలి.
ఒక నవంబరు వెన్నెల్లో వెళ్ళినవాడు
గుర్రం ఒక్కటీ తిరిగొచ్చింది.
ఆ తర్వాత పదకొండేళ్ళు
కప్పు అంచున ఇనపబుట్టలో పీట్ రగిల్చింది గ్రిజెలే.
ఒక మంటంటే వస్తున్నారని,
రెండంటే వచ్చేశారని.

దొంగమెట్టు సంగతి ఎఫీ చెప్పింది.
మెలిమెట్లలో ఒక్కదాన్ని గ్రిజెల్ పనిగట్టుకుని
ఎత్తుగా పెట్టించిందట.
ఇంటివాళ్ళ కాలికి తెలుసు.
చీకట్లో కత్తి పట్టుకుని ఎక్కేవాడికి తెలీదు.
తడబడతాడు. ఆమెకా చప్పుడు చాలు.
"దొంగల కోసమో, తాగొచ్చే మొగుడి కోసమో
ఎవరు చూడొచ్చారు" అంది ఎఫీ.

మెట్లు పదకొండు దాకా ఉన్నాయి. ఆపైన లేవు.
మెట్లూడిన గుంటలు మాత్రం
పళ్ళు రాలిన చిగుళ్ళలా
గోడ చుట్టూ తిరుగుతూ పైకి పోయాయి.
నిచ్చెన వేసి కొలిచాను.
ఏడంగుళాలు. ఏడు. ఏడు. ఏడు.
తొమ్మిది.
ఏడు.

వాన ముదిరి ఎఫీ ఇంట్లో టీకి కూచున్నాను.
ఆమె ముత్తాత బురుజు రాళ్ళు మోసుకొచ్చి కట్టిన ఇల్లు.
పెరటి గోడలో ఇంకో తుపాకీ కన్ను,
దాన్లో పిట్టగూడు.
కరెంటు పోయింది.
"ఉండు, కొవ్వొత్తి తెస్తా" అని మేడమెట్లెక్కింది
డెబ్భై నాలుగేళ్ళ మోకాళ్ళని తిట్టుకుంటూ.
కప్పు పట్టుకుని వింటున్నాను.
అడుగు. అడుగు. అడుగు. అడుగు.
చిన్న ఊపిరి.
అడుగు.

చాలాసేపైంది. కొవ్వొత్తి రాలేదు.
సాయం చేద్దామని లేచాను.
మెట్లు గోడనంటుకుని మెలి తిరుగుతున్నాయి.
లెక్క నాకు తెలుసు,
నా చేత్తోనే రాసుకున్నాను,
అయినా అయిదో దానికి బొటనవేలు ఠంగుమంది.

పై చీకట్లోంచి, తక్షణం:
"ఎవరది?"