ఎత్తుగీతి లేని సీసం

ముందు గోటితో కొట్టి వింటుంది.
ఖంగుమంటే కుండ.
బొంగురుపోతే పెంకు.
మిచోఆకాన్ కొండల్లో యులాలియాకి
వాళ్లమ్మ నేర్పిన పరీక్ష అదొక్కటే.

ఇంకో పరీక్ష ఉంటుందని
ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

గ్రేతా అంటారు ఆ పొడిని.
నారింజ రంగు, పిండిలాంటి మెత్తన,
చారెడు సంచీ కూడా
చంటిపిల్లంత బరువు.
నీళ్లలో వేసి మోచేతిదాకా ముంచి కలుపుతుంది.
గరిటె ఎందుకు, చిక్కదనం వేళ్లకి తెలుస్తుంది.
కాలిన మట్టికి లోపలంతా తిప్పి పోస్తుంది.
రెండోసారి ఆవం దిగేసరికి
కుండ కడుపు
ఇప్పుడే వాన వెలిసినట్టు తడితడిగా మెరుస్తుంది.

ఆ మెరుపుకే బేరం.
మెరవని కుండని సంతలో
ఎత్తి కూడా చూడరు.

ఇంట్లో పొయ్యి మీద ఉన్నదీ అలాంటిదే, వాళ్లమ్మ చేసింది.
రాత్రంతా చిక్కుడుగింజలు ఉడుకుతాయి అందులో.
పొద్దున్నే టమాటాలు పడతాయి,
పైన నిమ్మకాయ పిండుతుంది.
పులుపు తొందరలేని దొంగ.
అడుగునున్న మెరుపుని గోకి గోకి
పులుసులోకి దించుతుంది.
రంగు మారదు. వాసన రాదు.
రుచి, చెప్పాలంటే,
ఒకింత తియ్యన.

నికానోర్‌కి ఆరేళ్లు.
కుండ అడుగు నాకేది వాడే.
నిన్న రాసిన అక్షరం
ఇవాళ బళ్లో వాణ్ణి గుర్తుపట్టదు.
మొద్దు, అంది టీచరు.
తండ్రి పోలిక, అంది నాయనమ్మ.
కడుపునొప్పంటే బడి ఎగ్గొట్టడానికన్నారు.
తలో మాటా వేశారు వాడి మీద,
కుండ ఒక్కటే ఏమీ అనలేదు.

గురువారం నర్సు బెర్నార్డా వచ్చింది
టిఫిను డబ్బా అంత యంత్రంతో.
వేలి చివర ఒక్క చుక్క.
మూడు నిమిషాలు.
ఈలోగా యులాలియా ఆమెకి కాఫీ ఇచ్చింది.
ఏ కప్పులో ఇచ్చిందో మీకు తెలుసు.

ముప్పై ఒకటి.
ఎక్కువా, తక్కువా?
అసలుండకూడదు, అంది బెర్నార్డా
సగం తాగిన కప్పు కింద పెడుతూ.
ఎవరు కలిపారు, అనడిగింది యులాలియా.
అడిగాక
తన గోళ్ల సందుల్లోకి చూసుకుంది.
నారింజ రంగు.

నా భాషలో సీసం ఒక పద్యం పేరు కూడా.
పొడుగాటి పాదాలు నాలుగూ నడిచాక
కింద గీతి ఒకటి ఎత్తుకోవాలి,
లేకపోతే పద్యం ముగిసినట్టు కాదు.
ఈ పిల్లాడి నెత్తుట్లో నడుస్తున్న సీసానికి
గీతి ఎవరు కడతారు?
ఎముకల్లో దూరి కూచుంటుందట అది.
కుండ మారిస్తే మెల్లిగా తగ్గుతుందట.
ఏ అక్షరాలు తిరిగొస్తాయో
ఏవి రావో
యంత్రం చెప్పదట.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది బెర్నార్డా.
వేరే పూత ఉంది, సీసం లేనిది.
ఆవం ఇంకా మండాలి, కట్టెలు ఇంకా కావాలి,
మెరుపు ఒక్క పిసరు తగ్గుతుంది.
పిసరే.
ఆ పిసరు ఖరీదు యులాలియాకి తెలుసు.
నలభై రెండు కుండలు
గడ్డి చుట్టుకుని
ఆదివారం కోసం కూచున్నాయి మూల.

వాటిని పగలగొట్టలేదు.
గోడవైపు తిరిగి పడుకుంది.

ఆదివారం
నెలలు నిండుతున్న ఒకమ్మాయి
వరసలోంచి ఒకటి ఎత్తింది.
గోటితో కొట్టింది.
ఖంగుమంది.
చిక్కుడుగింజలకి బావుంటుందా?

పూలు పెట్టుకో, అంది యులాలియా.

అమ్మాయి నవ్వింది.
బేరంలో ఇదో ఎత్తనుకుని
పది పెసోలు తగ్గించమంది.
పూలకే, అంది మళ్లీ యులాలియా,
ఎండుపూలకి. నీళ్లు కూడా పొయ్యకు.

పక్క అంగడివాళ్లు తలలు తిప్పి చూశారు.
అమ్మాయి డబ్బు చాపింది.
యులాలియా అందుకోలేదు,
కుండ చెవీ వదల్లేదు.
రెండు జతల చేతుల మధ్య
ఎండ పడి వెలిగిపోతోంది అది
లోపలంతా,
ఎంత బావుందో.