దారి చెప్పే గొంతు

లింబాద్రి షార్జా యార్డుల కొన్న పాత టయోటా.
స్టీరింగు ఎడమకు మార్చిండ్రు గానీ
లోపలి గొంతును మార్చలే.

నిజ్వా దాటినంక ఆమె జపనీస్‌ల ఏదో అంటది.
తెరమీద వరిమడులు, ఒక చిన్న రైలుస్టేషను.
మా చక్రాల కింద రాళ్లు తేలిన వాగు.

"ఎడమకు తిప్పుమంటున్నదేమో" అంటడు వాడు.
ఎడమకు తిప్పితే లోయ.

మిస్ఫా. మట్టిగోడలు, మెట్లుమెట్లుగ ఖర్జూరాలు.
ఫలజ్ కాలువల చేతులు కడుక్కుంటున్న ముసలాయన
మమ్ముల జూసి ఖహ్వా పోసిండు,
ఏ ఊరని అడగలే.

తిరిగొచ్చేసరికి బండిల ఆమె
ఒకటే మాట, మళ్లా మళ్లా.
లింబాద్రి ఆపబోయి చెయ్యి వెనుకకు తీసుకున్నడు.
"ఉండనియ్. ఇంటికి తొవ్వ అడుగుతున్నదేమో."

రేపు ఐదింటికి డ్యూటీ.
పెట్రోలు సగమే.