చింతగింజల తొట్టి

ఆఫీసు నుంచి పెట్టె వచ్చింది.
పైన పెద్ద అక్షరాలు: సెన్సరీ కిట్టు.
లోపల ముళ్ల బంతులు, రంగుల గొట్టం,
మీట నొక్కితే నీళ్లలో బుడగలు పాకే దీపం.
పిల్లలు పాడుచేస్తారని
టీచరుగారు సంతకం పెట్టి తీసుకుని
బీరువాలో పెట్టి తాళం వేశారు.

నల్లచెరువు మూడో లైనులో మా అంగన్‌వాడీ.
కుక్కరు మొదటి కూతకే
హనోకు చెవులు మూసుకుని
బియ్యం డబ్బాల వెనక్కి దూరతాడు.
నాలుగేళ్లు. మాట లేదు.
గోడకి వీపు రాసుకుని రాసుకుని
సున్నమంతా చొక్కాకెక్కిస్తాడు.
"వీడిక్కడెందుకు?" అని
ఒకరిద్దరు తల్లులు నా ముందే అన్నారు.
నేను ఆయాని. నన్నడిగితే ఏం చెప్పను?
ఆ గోడనడిగితే చెప్పేదేమో.

ఓ రోజు
అంచు విరిగిన నీలం తొట్టిలో
రెండు మానికల చింతగింజలు పోశాను.
మా ఆయన మిర్చి యార్డులో హమాలీ.
ఆయన తెచ్చిన గోతాన్ని ఏడు నీళ్లలో ఉతికి
పత్తిగింజలు కూరి మూట కుట్టాను.
ఒళ్లో పెట్టుకుంటే
పిల్లి పడుకున్నంత బరువు.

ఏడు నీళ్లు చాల్లేదు.
ముందు టీచరుగారు తుమ్మారు,
ఆ వెనక గది మొత్తం.
ఆ తుమ్ములకి హనోకు నవ్వాడు.
వాడి గొంతు అలా ఉంటుందని
నాకు అప్పుడే తెలిసింది.

ఎనిమిదో నీటి తర్వాత
మూట ఒళ్లో పెట్టుకుని
మోచేతుల దాకా గింజల్లోకి దిగాడు.
నోట్లో వేసుకుంటాడేమోనని పక్కనే కాపలా కూర్చున్నాను.
వేసుకోలేదు.
ఎత్తి పోస్తాడు, జల్లుమంటుంది. ఆపితే ఆగుతుంది.
ఇన్నాళ్లకి
వాడు చెప్పినట్టు వినే చప్పుడొకటి దొరికింది.

నోరు ఊరుకోని షాహీన్ వచ్చి ఎదురుగా కూర్చుంది.
"ఇది కొట్టు. నువ్వు సేటువి. గింజ ఎంత?"
సేటు పలకలేదు.
అరచెయ్యి చాపింది. చాపి, ఎప్పుడూ లేనిది, ఊరుకుంది.
వాడొక గింజ పెట్టాడు.
తీసేసుకున్నాడు.
మళ్లీ పెట్టాడు.
"ఆయమ్మా, బేరం కుదిరింది!"

అంతే. అద్భుతమేం జరగలేదు.
మర్నాడు కుక్కరు కూసింది, వాడు డబ్బాల వెనకే.
బీరువా తాళం సంగతి టీచరుగారిని నేనింకా అడగాలి.
కాకపోతే, షాహీన్ ఆ మూటని
రెండు చేతులా ఈడ్చుకుంటూ వాడి దగ్గరికి వెళ్లింది.
అక్కడ ఇద్దరికి చోటు లేదు.
లేచి వెళ్లి
ఒక డబ్బా పక్కకి జరిపాను.