గంట వినే పని

బంబాటెండా బడిలో నేను లెక్కల టీచర్ని.
ఈ ఒక్కరోజూ నా పని గంట వినడం.

తెర వెనక మూడు ఇనప పీపాలు,
మూడు రంగులు, మూడు మొహాలు.
ఓటరు చేతిలో గాజుగోలీ ఒకటి.
గొట్టంలోంచి జారి లోపలి గంటకి తగిలి
టింగుమంటుంది.
అడుగున పోసిన రంపపుపొట్టు
మిగతా చప్పుడంతా మింగేస్తుంది.
మనిషికి ఒక్క మోత. రెండోది వినబడితే నేను లేవాలి.
అందుకే ఇవాళ సైకిళ్ళు కూడా
బడి ఛాయలకి రాకూడదు.

ఇంతటి పనికి నాకిచ్చిన శిక్షణ రెండు పూటలు.
రెండో పూట సగం చేపలన్నానికే సరిపోయింది.

కోడి కూయకముందే వరస. వరసంతా ఒకటే గొడవ:
ఆ కుర్చీకి చాలినంత అనుభవం ఎవరికుంది?

నీలం పీపా ఆయన నాలుగు శాఖలు ఏలాడు.
ఇంట్లో గోడ కనబడదట, అన్నీ
ఎవరెవరికో చేయి కలిపిన ఫొటోలే.
ఊదా పీపా ఆవిడ
వేరుశెనగ సంఘంలో కాటా దగ్గర
తొమ్మిదేళ్ళు కూచుంది. అంతే.
మూడో ఆయన ఊసు ఎవరూ ఎత్తలేదు, పాపం.

"దేశమంటే కాటా వేసినంత సులువా?"
లారీ డ్రైవర్ సెకూబా గొంతు పెంచాడు.
"కాటా సులువని నీకెవరు చెప్పారు?"
మంత్రసాని నిమసాటా దాబో అందుకుంది.
"మొదటి కాన్పు చేసిన రాత్రి
నాకు తెలిసింది వేణ్ణీళ్ళు కాచడమొక్కటే.
ఆ పుట్టినవాడివి నువ్వే."
వరసంతా నవ్వింది. సెకూబా తప్ప.

మలాంగ్ సన్యాంగ్ ఇటు వినడం లేదు, నది వైపే చూస్తున్నాడు.
ముప్పై ఒక్క ఏళ్ళు ఫెర్రీ నడిపిన మనిషి.
వంతెన వచ్చింది. లారీలిప్పుడు
ఆయన నెత్తిమీదుగా నిమిషాల్లో దాటిపోతాయి.
అంత ఆరితేరిన విద్యా
ఒడ్డున పడవతో పాటు తుప్పు పడుతోంది.
వేలికి సిరా పూస్తూ, అడక్కూడదు గానీ, అడిగాను:
అనుభవమంటే ఏమిటి పెద్దాయనా?

"ఎన్నిసార్లు దాటావని అడక్కమ్మా.
పొంగు చూసి, ఒడ్డున జనం తిడుతున్నా,
తాడు విప్పకుండా ఎన్నిసార్లు ఆగావో అడుగు.
అది ఏ రిజిస్టర్లోనూ రాయరు."

టింగు.

ఎవరి పీపాలో వేశాడో నాకు తెలీదు.

కొత్తనీరొచ్చి పాతనీటిని తోసేస్తుందంటారు.
మా నదికి ఆ సామెత పట్టదు.
వానలు ఆగాయా, సముద్రం ఎదురెక్కి వస్తుంది.
పోయిందనుకున్న నీరే
ఉప్పు కట్టుకుని వరిమళ్ళ దాకా తిరిగొస్తుంది.
మడికి కొత్తేదో పాతేదో తెలీదు,
నాలిక మీద ఉప్పు తెలుస్తుంది.

మధ్యాహ్నం సుంకారు వచ్చాడు. తొలి ఓటు.
ఏడో తరగతిలో వీడి జేబులోంచి
పదకొండు గోలీలు లాక్కున్నాను.
ఇంకా నా సొరుగులోనే ఉన్నాయి.
ఇవాళ నా చేత్తో నేనే ఒకటిచ్చాను.
వెలుతురుకెత్తి, ఒంటికన్ను మూసి చూశాడు
లోపల బుడగ ఉందేమోనని.
అలవాటు. ఈ ఊళ్ళో గోలీల అనుభవం
వాడికున్నంత ఎవరికీ లేదు.

సాయంత్రం పీపాలు బోర్లించాం.
గుంటల పళ్ళెంలో గోలీలు వరసన కూచున్నాయి.
ఏది ఫెర్రీ ముసలాయనది, ఏది నిన్నటి పిల్లాడిది?
లెక్కల టీచర్ని కదా, వేలు పెట్టి వెతికాను.
అన్నీ ఒకే బరువు. కొంచెం కోపం కూడా వచ్చింది,
ఎవరిమీదో తెలీకుండా.

అప్పుడే ఊదా పీపాది ఒకటి జారి
బల్లల కిందికి దొర్లిపోయింది.
ముగ్గురు ఏజెంట్లు, ఒక పోలీసు, నేను
మోకాళ్ళ మీద, ఒక్క టార్చితో,
సుద్దముక్కల మధ్య, చెప్పుల మధ్య.
ఇలాంటిది జరిగితే ఏం చెయ్యాలో
శిక్షణలో చెప్పలేదు.

"మీ మోచేతి దగ్గర చూడండి మేడం,"
నీలం ఏజెంటే అన్నాడు.